ఎంగిలి కాదు, ఉప్పు

మా కంపెనీ చెకింగ్ అక్క పోయింది. పోయిన మంగళవారం పొద్దున, షెడ్డు గంట కొట్టే వేళకు, వాచ్‌మన్ నా గది గుమ్మంలో నిలబడి టోపీ తీసి చెప్పాడు.

"మన ఎంగిలక్క పోయిందంట సార్. మూడు దినాలు జ్వరమంట."

అతను చెడ్డవాడు కాదు. తిట్టుగా అనలేదు. పోస్టుమన్ కవరు మీద పేరు చదివినంత మామూలుగా అన్నాడు. నాకు మండింది అక్కడే. ఇరవై ఏళ్లకు పైగా ఈ షెడ్డులో పనిచేసిన మనిషి పోతే, ఆమెను గుర్తుపట్టడానికి ఈ ఊరికి మిగిలిన మాట అది. ఆ మాటను ఊరికి ఇచ్చింది నేను. టైపు చేయించి, కింద సంతకం పెట్టి, ఎనభైమంది ఎదుట గట్టిగా చదివి మరీ ఇచ్చాను. ఈ వ్యాసాన్ని సంపాదకులు సంతాపమనే శీర్షిక కింద వేస్తామన్నారు. వేసుకోనివ్వండి. సంతాపం ఉంది. కానీ పాఠకులు ఇందులో చెంగు తడిసే చోటు కోసం వెతకవద్దు. నాకు ఇప్పుడు ఏడుపు కంటే ముందు కోపం వస్తోంది, వచ్చినదాన్ని వచ్చినట్టు రాస్తున్నాను.

ముందు నన్ను నేను పరిచయం చేసుకోవడం మర్యాద. చిల్లకూరు దాటి తూర్పుకు తిరిగి, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఆగితే, రేకుల కప్పుతో పొడుగాటి షెడ్డు ఒకటి కనిపిస్తుంది. అభ్రకం కండెన్సర్ల కంపెనీ. దానికి నేను మేనేజింగ్ డైరెక్టరును. ఆ పదవి పేరు పలకడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు, అది నాకు దొరకడానికి. కంపెనీ పెట్టిన మా మేనమామ పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. చైర్మన్ గారికి రైసు మిల్లు ఉంది, కండెన్సరు అంటే ఏమిటో తెలియదు. మద్రాసులో ఇంజనీరింగు ముగించి, హాస్టల్లో ప్రిన్సిపాలు గొంతు అనుకరించి వారం రోజులు సస్పెండయిన చరిత్ర ఉన్న నేను, ఇరవై ఆరో ఏట, మామ కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ పెద్దది. కాళ్లు నేలకు ఆనాయి గాని, మిగతాదేదీ ఎక్కడా ఆనలేదు.

రేడియో వెనక అట్ట విప్పిన వాళ్లు మా సరుకు చూసే ఉంటారు. గోరంత బిళ్ల. దాని లోపల ఉల్లిపొర కంటే పలచని అభ్రకం రేకులు, ఒక్కోదానికి వెండి పూత. మా వైపు దొరికే అభ్రకాన్ని ఆడవాళ్లు చిన్న కత్తితో పొరలు పొరలుగా చీలుస్తారు. రేకులు శుభ్రంగా ఉంటే రేడియో పాడుతుంది. రేకు మీద తేమను పీల్చేది ఏదైనా అంటుకుంటే, ఎండాకాలమంతా బుద్ధిగా ఉండి, వానలు పట్టగానే గురగురమంటుంది. మామ మంచాన పడ్డాక ఒక్కొక్క రేడియో కంపెనీ మమ్మల్ని మర్చిపోయింది. నేను వచ్చేసరికి మిగిలింది ఒక్క మద్రాసు కంపెనీ. అది కూడా పోతే షెడ్డుకు తాళం. అంటే పదవిలోకి అడుగుపెట్టిన మొదటి రోజు నా ముందున్న కర్తవ్యం, చివరి రోజును వాయిదా వేయడం.

అక్క పని, చీల్చిన రేకుల కట్టలను పరీక్ష చేసి 'సరే' అనడం. మరకలూ పగుళ్లూ కంటితో చూసేది. ఆ తర్వాత ప్రతి కట్టలోనూ మధ్య నుంచి ఒక్క రేకు లాగి, నాలుక కొనకు తాకించి, కళ్లు మూసుకునేది. ఆ రేకును పక్కనున్న తగరపు డబ్బాలో పడేసేది. డబ్బాలో పడ్డది మళ్లీ కట్టలోకి వెళ్లేది కాదు, సాయంత్రం చెత్తలోకి వెళ్లేది. ఈ ముక్క పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. నేను గుర్తు పెట్టుకోకపోవడం వల్లనే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

ఆమె నాలుక వెతికేది ఉప్పు కోసం. చెమట చేతులతో పట్టుకున్నా, ఉప్పునీళ్ల బావి నీటితో కడిగినా, రేకు మీద కంటికి కనిపించని ఉప్పు మిగులుతుంది. కంటికి కనపడితే ఇంకెవరైనా చూస్తారు, నేనెందుకు, అనేది. ఆ నాలుకను ఆమె కాపాడుకున్న తీరు సంగీత విద్వాంసులు గొంతు కాపాడుకున్నట్టు ఉండేది. వక్క, ఆకు, కారం ముట్టేది కాదు. పొద్దున ఉప్పు వేయని గంజి తాగి వచ్చేది. మధ్యాహ్నం ఉప్పు లేని మజ్జిగన్నం. సాయంత్రం షెడ్డు గంట కొట్టాక, ఇంటికి పోయి, అప్పుడు ఉప్పూ కారం తినేది. ఏ కంపెనీ నిబంధనల్లోనూ ఇది లేదు. మామ అడగలేదు. ఇరవై ఏళ్లు మా కండెన్సర్ల కోసం ఒక మనిషి పగటిపూట చప్పిడి కూడు తిన్నది. మేము ఆమెకు ఏం ఇచ్చామో కిందకు వస్తోంది.

ఆమెకు నేను కొత్త కాదు. నిక్కరు వేసుకుని షెడ్డులో రేకులు దొంగిలించి వాటిలోంచి సూర్యుణ్ణి చూసే రోజుల నుంచి తెలుసు. నేను మేనేజింగ్ డైరెక్టరునై షెడ్డులోకి మొదటిసారి నడిచిన రోజు, అందరూ లేచి నిలబడితే ఆమె కూడా లేచి, "రండి మేనేజరు గారూ" అన్నది. దగ్గరకు వెళ్లాక మెల్లగా, "కోటు ఎందుకు అబ్బయ్యా ఈ ఎండలో, చొక్కాకి చిల్లి ఉండాదా?" అన్నది. నిజంగానే ఉంది.

కొత్త అధికారి అన్నాక ఏదో ఒకటి మార్చాలి. నేను తూర్పు గోడను మార్చాను. ఆ షెడ్డుకు తూర్పున ఒక్క కిటికీ కూడా లేదు. పడమర, ఉత్తరం మాత్రం బాగా తెరిచి ఉండేవి. వాస్తు తెలిసినవాళ్లు తూర్పు మూయరు, వాస్తు నమ్మనివాళ్లు గాలి మూయరు, మామ రెండు రకాలకూ చెందని వెర్రివాడని తేల్చి, ఆరు కిటికీలు కొట్టించాను. దానికి గాలి-వెలుతురు పథకం అని పేరు పెట్టాను. చైర్మన్ గారు కొబ్బరికాయ కొట్టి, శిలాఫలకం ఆవిష్కరించారు. ఫలకం మీద నా పేరు కూడా చిన్నక్షరాల్లో ఉంది. ఆడవాళ్లు సంతోషించారు. అన్నాల గంట దాటగానే సముద్రపు గాలి మొదలై, చీరల కొంగులు ఎగిరి, షెడ్డు మొత్తం పండగలా ఉండేది.

నాలుగో రోజు అక్క నా గదికి వచ్చింది. చేతిలో ఒక రేకు.

"ఉప్పు తగల్తా ఉండాది అబ్బయ్యా. పొద్దున కట్టలు బాగుండాయి. మద్దినాల కట్టలే ఇట్టా ఉండేది. ఆ తూరుపు కిటికీలు మూయించండి."

"గాలికి ఉప్పు ఉంటుందా అక్కా?"

"సముద్రం గాలికి ఉప్పు లేకుంటే ఇంకేముంటాది, బెల్లమా? మీ మామ ఆ గోడ ఊరికే మూసిపెట్టినాడనుకున్నారా? నాకి చూడండి."

రేకు నా ముందు పెట్టింది. నేను నాకలేదు. ఇంజనీరింగు పట్టా ఉన్నవాడు నాలుక బయట పెట్టకూడదని నా అభిప్రాయం. దానికి బదులు ఒక జోకు వేశాను. జోకులు నా జబ్బు. షెడ్డులోకి ఆమె వెంట నడిచి, అందరికీ వినబడేలా, "మన అక్క నాలుకను పార్సిలు కట్టి మద్రాసు పంపుదాం. అక్కడి లాబరేటరీలో మీటరుకు చేసినట్టు దాని ముల్లు సరిచూసి, సీలు వేసి పంపిస్తారు" అన్నాను. షెడ్డంతా నవ్వింది. ఆమె కూడా కొంచెం నవ్వి, "పంపండి. అది యాడికి పోయినా ఈ మాటే చెప్తాది" అని తన పీట మీద కూర్చుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కట్టల్లో సగం పక్కకు నెట్టేసేది. సరుకు తయారీ సగానికి పడిపోయింది. నేను గోళ్లు కొరుక్కున్నాను గాని, కిటికీ మూయలేదు. ఫలకం ఉంది కదా.

మే నెలలో మద్రాసు కంపెనీ తమ ఇన్‌స్పెక్షన్ ఆఫీసరును పంపింది. మా బతుకు ఆయన చేతిలో ఉంది. తెల్ల ప్యాంటు, చెమట పట్టని ముఖం. షెడ్డు అంతా చూసి, గాలి బాగుందన్నారు. నాకు ఏనుగెక్కినట్టయింది. అప్పుడే ఆయన చూపు అక్క మీద పడింది. ఆమె రేకు నాలుకకు తాకించి కళ్లు మూసుకుని ఉంది.

"ఏమండీ ఇది? ఎంగిలి చేస్తున్నదే ఆమె?"

ఎంగిలి అనే మాట మా షెడ్డులోకి అలా మద్రాసు రైలెక్కి వచ్చింది. నేను చెప్పవలసింది ఒకటే వాక్యం: ఆ రేకు సరుకులోకి వెళ్లదండీ, అది పరీక్ష. నాకు ఆ వాక్యం తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ముఖం చూశాను. మా కంపెనీ పల్లెటూరి కొట్టంలా కనిపిస్తుందేమో అని సిగ్గేసింది. "పాత అలవాటండీ. ఈ రోజుతో మాన్పిస్తాను" అన్నాను. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది. డబ్బా మూత పెట్టింది.

ఆ నెల సరుకు లాటు ఉప్పు పరీక్ష లేకుండా తయారైంది. మే నెల ఎండలో, సరుకు పరీక్షించే మీటరు ముల్లు వినయంగా కూర్చుంది. ఆఫీసరు నా భుజం తట్టారు. సరుకు వెళ్లింది. కార్తీకం వానలు పట్టేసరికి మద్రాసు నుంచి పెట్టెలు వరసగా వెనక్కి రావడం మొదలైంది. పెట్టెలతో పాటు ఒక ఉత్తరం. సరుకు చెడడానికి కారణం పదిహేను రోజుల్లో తెలపాలి, తగిన చర్య తీసుకోవాలి, లేకపోతే ఆర్డరు రద్దు. తమ ఆఫీసరు గమనించిన 'అపరిశుభ్రమైన అలవాటు' సంగతి కూడా అందులో ప్రస్తావించారు.

ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలకు వెళ్లిన తర్వాత, నేను షెడ్డులోకి వెళ్లాను. తూర్పు కిటికీ కింద బల్ల మీద నిన్నటి మధ్యాహ్నం నుంచి పరిచి ఉన్న రేకుల్లోంచి ఒకటి తీశాను. చుట్టూ చూశాను. నాకాను.

ఉప్పు.

ఇంకొకటి తీసి నాకాను. ఉప్పు. ఏడెనిమిది రేకులు నాకి ఉంటాను. నాలుగేళ్లు చదివిన చదువు ఆ ఏడెనిమిది రేకులు చెప్పినంత స్పష్టంగా నాకు ఏదీ చెప్పలేదు. కాబట్టి పాఠకులారా, తెలియక చేశాను అనే సౌకర్యం నాకు లేదు. తెలిసే చేశాను.

మర్నాడు చైర్మన్ గారింట్లో డైరెక్టర్ల సమావేశం. కిటికీల సంగతి చెప్పాను. ఆయన నింపాదిగా విన్నారు.

"కిటికీలు నేను తెరిచినా గదా నాయనా. నా చేత్తో టెంకాయ కొట్టినా. అవి తప్పు ఎట్టవుతాయి?"

"ఉప్పు గాలి వస్తోందండీ. నేను స్వయంగా చూశాను."

"ఏం పెట్టి చూసినావు?"

నేను ఫైలు తెరిచి కాగితాలు తిరగేశాను.

"ఆ మద్రాసాయన రాసే పంపినాడు గదా, ఆ యమ్మ నాకతా ఉండిందని. వాళ్లకు ఏం కావాలో వాళ్లే చెప్పినారు. దాన్ని ఒప్పుకుంటే శాంతిస్తారు, ఆర్డరు నిలస్తాది. ఎనభైమంది ఆడోళ్ల కూడు నిలస్తాది. కిటికీల కథ చెప్తే మనకు బుద్ధి లేదనుకుంటారు. ఆమెను తీసెయ్యమనలేదే. ప్యాకింగులోకి మార్చు. ఒక మనిషి ఈ బల్ల కాడ్నించి ఆ బల్ల కాడికి పోతే ఏం మునిగింది?"

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది, ఆ వాదన బాగుండటం. అందులో ఎనభైమంది ఉన్నారు. దయ ఉంది. ఒక్క నిజమే లేదు. నేను సంతకం పెట్టాను. అధికారిగా నా మొదటి పెద్ద నిర్ణయం అది. అక్షరాలు చాలా అందంగా వచ్చాయి.

నోటీసు చదవడం కూడా నా పనే. చదువు రానివాళ్లు ఎక్కువ కాబట్టి మా షెడ్డులో నోటీసు అంటించి ఊరుకోరు, నిలబెట్టి చదువుతారు. 'వెనక్కి వచ్చిన లాటులో సరుకు చెడిపోవడానికి కారణం, చెకింగులో రేకులకు ఎంగిలి తగలడమేనని విచారణలో తేలింది. అందుచేత సదరు ఉద్యోగినిని ప్యాకింగు విభాగానికి మార్చడమైనది.' చదివాను. విచారణ అనే మాట దగ్గర గొంతు ఒకసారి సవరించుకున్నాను, అంతే. ఆమె తన పీట మీద నుంచి లేచి, డబ్బా, గుడ్డ సర్దుకుని, షెడ్డు ఆ చివరకు నడిచి వెళ్లింది.

కంపెనీ నోటీసులో ఎంగిలి అంటే కాలుష్యమని మా డైరెక్టర్ల ఉద్దేశం. ఊళ్లో ఆ మాటకు వేరే బరువు ఉంది. వారం తిరిగేసరికి ఆమె ముంచిన కుండలో ఇంకొకరు నీళ్లు ముంచుకోవడం మానేశారు. అన్నాల వేళ కూర మార్చుకునే గుంపులోంచి ఆమె గిన్నె బయటికి జరిగింది. ఎవరో సరదాకు ఎంగిలక్క అన్నారు. పేరు అతుక్కుంది. మా వాచ్‌మన్‌కు ఆమె అసలు పేరు తెలుసో లేదో నాకు అనుమానమే.

ప్యాకింగుకు మారిన మొదటి రోజు మధ్యాహ్నం నేను అటు వెళ్లాను. ఆమె గోడవైపు తిరిగి తింటోంది. గిన్నెలో గోంగూర పచ్చడి ఉంది, పక్కన ఎండుమిరపకాయ. ఇరవై ఏళ్లలో మొదటిసారి షెడ్డులో ఆమె ఉప్పు తింటోంది.

"రుచిగా ఉందా అక్కా?" అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు నాకు.

"ఉండకేం అబ్బయ్యా. ఇంక ఈ నాలికతో ఎవరికేం పని?"

ఆ నెలలోనే నేను కిటికీలు మూయించాను. ధైర్యంగా అనుకునేరు. కోతుల బెడద అని కారణం రాశాను. మా షెడ్డు చుట్టుపక్కల సర్వీ చెట్ల తోటలూ, ఇసుకా తప్ప ఇంకేం లేవు. కోతి కావాలంటే రైలెక్కి వెళ్లి చూసి రావాలి. డైరెక్టర్లు ఆ తీర్మానం ఆమోదించారు. ఇటుకలు పేర్చి సున్నం కొట్టారు. గాలి-వెలుతురు పథకం శిలాఫలకం ఇప్పటికీ అక్కడే ఉంది. చూసేవాళ్లకు మేము ఒక గోడను ప్రారంభించినట్టు కనిపిస్తుంది.

గాలి ఆగింది, ఉప్పు ఆగింది, సరుకు బాగుపడింది. తర్వాతి వానల్లో ఒక్క పెట్టె వెనక్కి రాలేదు. మద్రాసు కంపెనీ మెచ్చుకుంటూ రాసింది. సర్వసభ్య సమావేశంలో నాకు దండ వేశారు. చైర్మన్ గారు లేచి, "ఎంగిలి పోయింది, సరుకు బాగుపడింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అబద్ధానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏ కోర్టులోనూ దొరకదు. ఆమెను మార్చిన నెలలోనే కిటికీలు మూశాను, మూసినట్టు ఎవరికీ పట్టలేదు. నేను చేసిన ఒకే ఒక మంచి పని ఆమె మీద నేరాన్ని రుజువు చేసింది.

ఆమె నన్ను అడిగింది రెండేసార్లు. మొదటిసారి ఆ దండ వేసిన వారంలో.

"ఒక కాగితం చదివినారు గదా అబ్బయ్యా. ఇంకో కాగితం చదవండి. జీతం పెంచమనలా. నా పీట నాకిమ్మనలా. ఆ కాగితం తప్పని, అది ఎంగిలి కాదు ఉప్పని, అట్నే నిలబడి చదవండి. మా బిడ్డ అత్తగారింట్లో కూడా అడగతా ఉండారంట, మీయమ్మ ఏం చేసిందని."

"ఈ ఆర్డరు ఒకటి స్థిరపడనీ అక్కా."

ఆర్డరు స్థిరపడింది. రెండోసారి అడిగింది.

"చూద్దాం అక్కా" అన్నాను.

"చూడండి సామీ" అన్నది. అబ్బయ్యా అనలేదు. ఆ తర్వాత నేనే ఒకసారి ఏమైనా కావాలా అని అడిగాను. "ఏముండాది" అని పెట్టెకు మేకు కొట్టింది. రెండేళ్లు అలా గడిచాయి. ప్యాకింగులో ఆమె కట్టిన పెట్టె ఒక్కటి దారిలో పగల్లేదు. ఎండుగడ్డిని ముందు ఎండలో వేసి, దులిపి, అప్పుడు పెట్టెలో సర్దేది. ఆ బల్ల దగ్గర కూడా ఆమెకు పని ముఖ్యమే. నాకే కుర్చీ ముఖ్యమైంది.

పోయిన గురువారం షెడ్డులో సంతాప సభ పెట్టాం. చైర్మన్ గారు వచ్చారు. మంచి మాటలే చెప్పారు. ఆమె నమ్మకస్తురాలనీ, పాతకాలం మనిషనీ చెప్పి, "ఏదో ఒక పొరపాటు చేసినా, కంపెనీ పెద్ద మనసుతో క్షమించి చివరిదాకా అన్నం పెట్టింది" అని ముగించారు. నేను ఆయన పక్క కుర్చీలో ఉన్నాను. నా తల ఊగింది. అలవాటు. అది ఊగిందని నాకు తెలిసేలోపల రెండుసార్లు ఊగింది. ఆ తల ఇంకా నా మెడ మీదే ఉండటం నాకు ఆశ్చర్యం.

శుక్రవారం పొద్దున, ఎవరినీ అడగకుండా, ఒక కాగితం నేనే చేత్తో రాశాను. షెడ్డు గంట కొట్టగానే పాత నోటీసు చదివిన చోటే నిలబడి చదివాను. 'ఫలానా లాటు చెడింది తూర్పు కిటికీల నుంచి వచ్చిన ఉప్పు గాలి వల్ల. ఆ కిటికీలు పెట్టించింది నేను. వద్దని చెప్పింది చెకింగ్ అక్క. ఆమె నాలుకకు తాకిన రేకు ఒక్కటి కూడా సరుకులో పోలేదు. ఆమె మీద వేసిన నేరం అబద్ధం. అది అబద్ధమని తెలిసి నేను సంతకం పెట్టాను.'

ముందు వరసలో కూర్చునే ఒకామె, అక్కతో పాటే పనిలో చేరిన మనిషి, కత్తి కింద పెట్టింది.

"మాకు తెలుసు లెండి సార్."

"ఏం తెలుసు?"

"నాకిన రేకు డబ్బాలో ఏసేది మేం చూడలేదా? రోజూ చెత్తలో పోసేది మేమే గదా."

"తెలిసీ ఆమె ముంచిన కుండలో నీళ్లు ఎందుకు తాగలేదమ్మా?"

ఆమె కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మీరు చదివినారు గదా సార్."

నేను పాఠకుల ముందు పెట్టదలచుకున్న కోపం ఇదే. చదువుకున్నవాడు నిలబడి చదివితే, ఎనభైమంది తమ కళ్లతో చూసినదాన్ని పక్కన పెడతారు. అంత బలం ఉన్న పనిని నేను ఒక ఆర్డరు కోసం వాడాను. చైర్మన్ గారి నుంచి కబురు వచ్చింది, వచ్చి కలవమని. ఇంకా వెళ్లలేదు. ఈ పత్రిక వారింటికి కూడా వస్తుంది. అందుకే దీనికే రాస్తున్నాను. నా కుర్చీ సంగతి వారు చూసుకుంటారు.

ఆ సాయంత్రం నేను కాగితం తీసుకుని అక్క ఇంటికి వెళ్లాను. కూతురు తోటపల్లి గూడూరు నుంచి వచ్చి ఉంది. నాట్ల పని వదిలి వచ్చినట్టుంది, పాదాల పగుళ్లలో బురద నలుపు ఇంకా పోలేదు. కాగితం ఇచ్చాను. తీసుకోలేదు.

"నాకు చదవను రాదు. అత్తగారింట్లో ఎవరికీ రాదు. దీన్ని పెట్టుకుని నేనేం చేసేది?"

"మీ అమ్మ అడిగిందమ్మా. అందుకని..."

"అమ్మ అడిగినప్పుడు మీకు తీరిక లేదంట గదా." గొంతు పెంచలేదు. "చదవండి అయితే. అప్పుడు షెడ్డులో అందరూ వినేట్టు చదివినారంట. ఇప్పుడు ఈ వీధి వినేట్టు చదవండి."

వాకిట్లో నిలబడ్డాను. ప్రిన్సిపాలు గొంతూ, మంత్రుల గొంతూ అనుకరించిన నాకు నా గొంతు వెంటనే దొరకలేదు. మొదలుపెట్టాను. ఎదురింటి దడి పక్క నుంచి ఒకరు, బిందెతో వెళుతున్న ఒకరు, ఆగారు. ముసలాయన ఒకరు వినబడలేదన్నారు.

"గట్టిగా చదవండి సార్. మొదటినించి" అన్నది కూతురు.

మళ్లీ మొదటి నుంచి చదివాను. మూడోసారి కూడా చదివించింది. పొద్దు వాలి, ఎండ నేలబారుగా వాకిట్లోకి వచ్చింది. గుమ్మం పక్కన స్నానాల రాయి ఉంది. రోజూ షెడ్డు నుంచి వచ్చి ఆమె చీర దులుపుకుని, చేతులూ కాళ్లూ కడుక్కున్న చోటు. ఇరవై ఏళ్లుగా చీర కుచ్చెళ్లలోంచి, గోళ్ల సందుల్లోంచి రాలిన అభ్రకం పొడి ఆ మట్టిలో కలిసిపోయి ఉంది. ఎండ తగలగానే రాయి చుట్టూ బారెడు నేల ఒక్కసారిగా మెరవడం మొదలుపెట్టింది. ఆ మెరుపుకు అక్షరాలు కనిపించలేదు. కాగితం కళ్లకు అడ్డం పెట్టుకుని, నోటికి వచ్చినంతవరకు చెబుతూ పోయాను. కూతురు ఆ నేల మీదే, స్నానాల తడి ఆరని చోట, కాళ్లు ముడుచుకుని కూర్చుని వింటోంది.